మంచె ఎక్కితే ఒక మాట, దిగితే ఒక మాట

ఏడో తరగతిలో నేను కొన్నాళ్ళు క్లాస్ లీడర్‌ని. హనుమకొండ నుంచి బస్సులో గంట దూరం ఉండే ఊరి బడి. సార్ బయటికి పోతూ చాక్‌పీసు ముక్క నా చేతిలో పెట్టి, "మాట్లాడినోళ్ళ పేర్లు రాయి" అనేవాడు. బోర్డు ఎడమ మూలన 'మాట్లాడినవారు' అని రాసి కింద గీత కొట్టేవాణ్ణి. పేరు రాసినా నోరు మూయనివాళ్ళ పక్కన ఇంటూ గుర్తు వేసి రెండు, ఇంకా మాట్లాడితే మూడు. సార్ వచ్చాక బెత్తం ఆ లెక్క ప్రకారమే పడేది. మొదటి రోజు నిజంగా మాట్లాడినవాళ్ళనే రాశాను. మూడో రోజుకు, పక్కవాళ్ళను రబ్బరు అడిగిన అమ్మాయి పేరు కూడా ఎక్కించాను. వారం తిరిగేసరికి పేరు తుడిపేయడానికి ఒక రేటు ఏర్పడింది: ఒక చింతకాయ, లేదంటే నాలుగు రేగుపండ్లు.

ఆ చాక్‌పీసుకు జీతం లేదు, మార్కులు కలవవు. పైగా సాయంత్రం కబడ్డీలో నన్ను ఎవరూ కలుపుకునేవాళ్ళు కాదు. అయినా పొద్దున్నే అందరికంటే ముందు బడికి చేరాలని కాళ్ళు తొందరపడేవి. చాలా ఏళ్ళ తర్వాత, సర్పంచ్ పదవి కోసం ఉన్న రెండెకరాలు అమ్ముకున్న మనిషిని చూసినప్పుడు నాకు ఆ తొందరే గుర్తొచ్చింది. 'నా మాట నడవాలి' అనే ఈ కోరిక ఎక్కడిది? చిన్నపిల్లల్లో ముద్దొచ్చేది, పెద్దవాళ్ళలో ఎందుకు భయపెడుతుంది?

తెలుగులో దీనికి మంచి పేరే ఉంది, పెత్తనం. 'పెద్ద'కు 'తనం' చేరితే పెత్తనమైంది. అదే 'పెద్ద'లోంచి పెద్దరికమూ వచ్చింది. ఒక్క వేరే గానీ, ఒకదాని చోట ఇంకోటి ఎవరూ వాడరు. పెద్దరికం పక్కవాళ్ళు ఇచ్చేది, పెత్తనం మనంతట మనం చేసేది. "ఆయన పెద్దరికం చూసి ఊకున్న" అంటాం. "నా మీద నీ పెత్తనమేంది?" అంటాం. మా అమ్మమ్మ తరం వాళ్ళకు ఈ తేడా ఎవరూ పాఠం చెప్పలేదు, మాటలోనే పట్టేశారు.

అయితే ఈ రెండింటి కింద పేరు లేని మూడోది ఒకటుంది. తన బతుకు తన చేతిలో ఉండాలనే ఆకలి. రెండేళ్ళ పిల్లకు అన్నం కలిపి నోట్లో పెట్టబోతే చెంచా గుంజుకుని "నేనే" అంటుంది. సగం ముద్ద ముక్కుకు, సగం గౌనుకు. అయినా ఆ చెంచా వదలదు. ఆ పిల్లకు అమ్మ మీద పెత్తనం అక్కర్లేదు, తన నోరు తన అధీనంలో ఉంటే చాలు. ఎదుటివాడి నోరు కూడా నా అధీనంలో ఉండాలనేది వేరే ఆకలి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండూ 'నేను చెప్పినట్టు జరగాలి' అనే అంటాయి. చిక్కంతా ఇక్కడే పడుతుందని నాకనిపిస్తుంది.

మొదటి ఆకలి ఎంత లోతైనదో చెప్పడానికి ఒక పాత ప్రయోగం ఉంది. 1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో దీన్ని చేశారు. ఒక అంతస్తులోని ముసలివాళ్ళతో, మీ గది సర్దుకోవడం, ఎవరిని కలవాలో చూసుకోవడం మీ ఇష్టం అన్నారు. తలా ఒక మొక్క ఇచ్చి నీళ్ళు పోసే బాధ్యత వాళ్ళకే అప్పగించారు. ఇంకో అంతస్తులో వాళ్ళకూ మొక్కలు ఇచ్చారు గానీ, నీళ్ళు నర్సులు పోస్తారని చెప్పారు. మూడు వారాల్లోనే మొదటివాళ్ళు ఎక్కువ హుషారుగా కనిపించారు. ఒక్క మొక్కకు నీళ్ళు పోసే పని, అంతే. మన ఇళ్లలో ముసలామె చేతిలోంచి చీపురు లాక్కుని "నువ్వు కూచో అమ్మా" అంటాం, ప్రేమతోనే. ఆమె ఎందుకు ముఖం మాడ్చుకుంటుందో మనకు అర్థం కాదు.

బ్రిటన్‌లో 1967లో మొదలైన ఇంకో పరిశీలన ప్రభుత్వ ఉద్యోగుల మీద. మైకేల్ మార్మట్ బృందం వేల మందిని ఏళ్ళ తరబడి గమనిస్తే, కింది స్థాయి ఉద్యోగుల్లో గుండెజబ్బు మరణాలు పై అధికారులతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు కనిపించాయి. పొగతాగడం, రక్తపోటు లాంటివి లెక్కలోకి తీసుకున్నా తేడా మొత్తం పోలేదు. తర్వాతి పరిశీలనల్లో ఒక కారణం బయటపడింది: తన పని ఎప్పుడు, ఎలా చేయాలో తన చేతిలో లేకపోవడం. టెన్షన్ అంతా పెద్ద సార్లకే ఉంటుందని మనం అనుకుంటాం. ఫైలు మోసేవాడి గుండెను ఎవరూ అడగరు.

ఇప్పుడు ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతును చూడండి. వాన ఆయన చేతిలో లేదు. విత్తనం ఎట్లా మొలుస్తుందో ఆయన చేతిలో లేదు. తేమ ఎంత ఉందో చెప్పేది ఇంకొకరు, ధర చెప్పేది ఇంకొకరు. రాత్రంతా బండి మీద పడుకుని పొద్దున అన్నదానికి తలూపి ఇంటికి పోతాడు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందని కంచం ఎత్తేస్తాడు. అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే. తన బతుకు మీద లేని పట్టును ఇంకొకరి బతుకు మీద వెతుక్కోవడం. మొదటి ఆకలి తీరనప్పుడు అది చాలాసార్లు రెండో ఆకలి వేషంలో బయటికొస్తుంది. ఆ కంచం ఎత్తేసే హక్కు దీనివల్ల ఆయనకు రాదు, ఆ మాట కూడా చెప్పుకోవాలి. కంచం తుడిచేది ఆయన భార్యే, ఆమె చేతిలో ఏముంది?

కథల్లో రాజులు

చిన్నప్పుడు విన్న కథల్లో రాజు కావాలనే కోరికను ఎవరూ తప్పు పట్టరు. రాక్షసుణ్ణి చంపితే రాకుమారి, అర్ధరాజ్యం. ఆ అర్ధరాజ్యంలో ఉన్న జనాన్ని ఎవరైనా అడిగారా? పొద్దున లేచి చూస్తే రాజు మారిపోయాడు. కథ చెప్పే నానమ్మ అక్కడికి వచ్చేసరికి మనం నిద్రలోకి జారుకుంటాం గనుక ఆ ప్రశ్న రాదు.

పంచతంత్రంలోని నీలిరంగు నక్క మాత్రం ఈ విషయంలో చాలా లోతు తెలిసిన కథ. ఊరకుక్కలు తరిమితే రంగుతొట్టిలో పడి, నీలంగా బయటికొచ్చి, దేవుడు నన్ను మీకు రాజుగా పంపాడని అడవి జంతువులను నమ్మిస్తుంది. తర్వాత పదవులు పంచుతుంది: సింహానికి మంత్రి పదవి, పులికి పడకగది కాపలా, చిరుతకు తాంబూలం అందించే పని, తోడేలుకు ద్వారం. ఇంతవరకూ నవ్వుకుంటాం. అసలు సంగతి ఆ తర్వాతి వాక్యంలో ఉంది: తన జాతి నక్కలన్నిటినీ మెడపట్టి గెంటించేస్తుంది. ఎందుకంటే దాని అసలు రంగు తెలిసినవి అవే. గెలిచిన నాయకుడు మొదట ఎవరి ఫోన్ ఎత్తడం మానేస్తాడో గమనించండి. రాత్రిపూట గోడలకు పోస్టర్లు అంటించినవాడిది, తనతో ఒకే ప్లేటులో మిర్చిబజ్జీ తిన్నవాడిది. ఆ నక్క చివరికి దొరికిపోయింది కూడా కుట్ర వల్ల కాదు. దూరంగా నక్కలు ఊళ పెడుతుంటే ఒళ్ళు పులకరించి తనూ ఊళ పెట్టింది. గెంటేసిన వాళ్ళ గొంతు వింటే దానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నక్క మోసం అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం ఆ ఊళ దగ్గర జాలేస్తుంది.

ఈ కథలన్నీ ఒకవైపు, విక్రమార్కుడి సింహాసనం కథ మొదట్లో వచ్చే చిన్న ముచ్చట ఒకవైపు. భోజరాజు పరివారం ఒక చేను పక్కగా పోతుంటుంది. మంచె మీద ఉన్న చేనుగల బ్రాహ్మడు, "రండి, రండి, కడుపునిండా తినండి, మీకు పెట్టని పంట ఎందుకు" అని పిలుస్తాడు. వాళ్ళు చేలోకి దిగేసరికి ఆయన మంచె దిగుతాడు. దిగీ దిగగానే, "నా పంటంతా నాశనం చేస్తున్నారు, రాజే ఇట్లా చేస్తే ఎవరికి చెప్పుకోవాలి" అని లబోదిబోమంటాడు. వాళ్ళు వెనక్కి తిరుగుతుంటే మళ్ళీ మంచె ఎక్కి, "అయ్యో, పోతున్నారేం?" అంటాడు. మనిషి ఒకడే, కాళ్ళ కింది చోటు మారింది. భోజరాజు ఆ మంచె కింద తవ్విస్తే విక్రమార్కుడి సింహాసనం బయటపడింది.

జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పినవాళ్ళకు ఈ కథ కొంచెం ఎక్కువ అర్థమవుతుంది. మంచె మీదికి పోగానే చేను చిన్నదైపోతుంది, పిట్టలు చిన్నవైపోతాయి, గట్టు మీద నడిచే మనిషి బొమ్మలా ఉంటాడు. కానీ కథలో మంచె మనిషిని పాడుచేయలేదు, ఉదారుణ్ణి చేసింది. అధికారం మనిషిని చెడగొడుతుందని అనడం మనకు అలవాటు. ఆ కథ చెప్పినవాడు అంత తేలిగ్గా వదల్లేదు. మంచె ఎత్తు కాదు, దాని కింద ఏం పాతిపెట్టి ఉందో చూడమన్నాడు.

మనస్తత్వ శాస్త్రం కూడా ఇంచుమించు ఇదే చోటికి వచ్చింది. డేవిడ్ మెక్‌క్లెలండ్ అనే అమెరికా ఆచార్యుడు అధికార కాంక్షను కొలవడానికి చాలా ఏళ్ళు ప్రయత్నించాడు. ఆయన పద్ధతి వింతగా ఉంటుంది, మనుషులకు ఒక బొమ్మ చూపించి కథ అల్లమంటాడు. ఆ కథలో ఎవరు ఎవరిని కదిలిస్తున్నారో లెక్కపెడతాడు. చాలా దేశాల బడి వాచకాల్లోని పిల్లల కథలనూ ఇట్లాగే లెక్కపెట్టాడు. అక్కడ వెతికింది ముఖ్యంగా ఏదో సాధించాలనే కోరిక కోసం. ఆ కోరికను నేర్పించవచ్చా అని 1964లో మన కాకినాడ చిన్న వ్యాపారులకు శిక్షణ ఇచ్చి చూశాడు. అధికార కాంక్ష మీద ఆయన తేల్చింది ఏమిటంటే, అది రెండు రకాలు. ఒకటి, నేను పైన ఉన్నానని చూపించుకోవడానికి. ఇంకోటి, ఒక పని జరిపించడానికి. రెండో రకం వాళ్ళు మంచి మేనేజర్లు అవుతారన్నాడు. పెత్తనం, పెద్దరికం అనే మన రెండు మాటలకు ఇది దగ్గరగానే ఉంది. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చని, సోమవారం ఒకటి, మంగళవారం ఇంకోటి బయటికి రావచ్చని మాత్రం నేను కలుపుతాను.

ఇది మనుషులకే ఉందా అంటే, లేదు. నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ జంతుశాలలో చింపాంజీలను గమనించిన ఫ్రాన్స్ డి వాల్ అనే శాస్త్రవేత్త అక్కడ అచ్చం ఊరి రాజకీయమే చూశాడు. ఎరూన్ అనే ముసలి మగ చింపాంజీ పెద్ద స్థానం పోగొట్టుకున్నాక, బలవంతుడైన లూయిట్‌తో చేరకుండా కుర్ర నికీని గద్దెనెక్కించింది. బలవంతుడికి తన అవసరం ఉండదు, కుర్రవాడికి రోజూ ఉంటుంది. మాజీలు కొత్తవాణ్ణి ఎట్లా ఎంచుకుంటారో తెలియనివాళ్ళు దీన్ని చదవాలి. మరోవైపు, కలహారి ఎడారిలోని వేటగాళ్ళ గుంపుల్లో పెద్ద జంతువును కొట్టి తెచ్చినవాణ్ణి పొగడరు. "ఈ బక్క ఎముకల కోసం ఇంతదూరం పిలిచావా?" అని ఎగతాళి చేస్తారు, వాడికి తల తిరగకుండా. మన దగ్గర కూడా ఆ మందు ఉంది. "ఏందిరో, పెద్ద కలెక్టర్ లెక్క మాట్లాడుతున్నవ్?" అనే మాట చాలామంది తలలను నేల మీదికి దించింది.

గడీ ముందు చెప్పులు

ఆ మందు పనిచేయని చోటు ఎట్లా ఉంటుందో వరంగల్, నల్గొండ వైపు పాత తరాలు చూశాయి. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి చేతిలో 40 వేల ఎకరాలు ఉండేవని తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర రాసినవాళ్ళు లెక్క చెప్పారు. అంత భూమి ఉన్న మనిషికి, కోట లాంటి తన ఇల్లు గడీ ముందు నడిచేవాడి కాళ్ళకు చెప్పులు ఉంటే ఏం నష్టం? గింజంత కూడా లేదు. కానీ చెప్పులు విప్పి చేతిలో పట్టుకోవాల్సిందే. "నీ బాంచెన్, కాల్మొక్త" అనాల్సిందే. వెట్టి అంటే మనకు కూలి లేని పని ఒక్కటే గుర్తొస్తుంది, దొరకు చేరే లాభం గుర్తొస్తుంది. ఈ చెప్పుల్లో లాభం ఏమీ లేదు, ఇది శుద్ధ పెత్తనం. ఎదుటివాడు వంగినప్పుడు మాత్రమే తను నిటారుగా ఉన్నట్టు అనిపించే రోగం. ఆ రోగానికి 40 వేల ఎకరాలు కూడా చాలవు.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ అడిగింది నాలుగెకరాలు. కౌలుకు తీసుకుని తను దున్నిన నేల, తను పండించిన గింజ. ఆమె దొరసాని కావాలనుకోలేదు. ఆంధ్ర మహాసభ సంఘం అండతో పంటను ఇంటికి చేర్చుకుంది. దొరకు ఆ గింజలు ఒక లెక్కా? అయినా వాటి కోసం మనుషులను పంపాడు, కేసులు పెట్టించాడు. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు, పోరాటం ఊళ్ళకు ఊళ్ళు పాకింది. రెండు ఆకలులు ఎదురెదురుగా నిలబడితే ఎట్లా ఉంటుందో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఒకామెకు తన బతుకు కావాలి, ఒకాయనకు ఆమె బతుకు కావాలి.

దొరలు పోయినా పట్వారీ మిగిలాడు. ఆయనకు గడీ లేదు, తుపాకీ లేదు, పహాణీ ఉంది. చదువురాని ఊళ్లో ఎవరి భూమి ఎవరిదో చెప్పే కాగితం ఒక్కడి సంచిలో ఉంటే వాడే రాజు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు మా వైపు ముసలివాళ్ళు పండగలా చెప్పుకునేవాళ్ళు. తర్వాత ఆ కాగితాల కోసమే మండలాఫీసు చుట్టూ తిరిగారు, అది వేరే కథ.

ఇప్పటి కుర్చీ సర్పంచ్‌ది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలంది. పని సరిగ్గా చేయకపోతే కలెక్టర్ సస్పెండ్ చేయవచ్చు. గౌరవ వేతనం 2021లో పెంచాక నెలకు 6,500 రూపాయలైంది. చేయించిన పనులకు బిల్లులు రాక అప్పులపాలైన సర్పంచ్‌లు ఎంతోమంది. ఇన్ని చూసి కూడా జనం లక్షలు పెట్టి ఎందుకు పోటీ చేస్తారు? తినడానికి అని తేల్చేస్తే సులువు, కొందరి విషయంలో నిజం కూడా. కానీ అందరూ తినడానికే రారు. ఠాణాలో కుర్చీ వేస్తారు. పెళ్ళిలో ముందు వరుసలో కూర్చోబెడతారు. పదవి పోయి ఇరవై ఏళ్ళయినా "సర్పంచ్ సాబ్" అని పిలుస్తారు. రోడ్డు మీద శిలాఫలకంలో పేరు ఉంటుంది, రోడ్డు పోయినా రాయి ఉంటుంది.

ఇది కళ్ళారా చూడాలంటే హనుమకొండలో ఏదైనా ఫ్లెక్సీ షాపులో అరగంట కూచోవాలి. నేను ఒకసారి మా పిల్ల ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ కోసం పోయి కూచున్నాను. నాకంటే ముందు ఒక నాయకుడి పుట్టినరోజు పని నడుస్తోంది. తెర మీద పై వరుసలో గుండ్రటి గుంతల్లో రాష్ట్ర నాయకుల తలలు, మధ్యలో దండం పెడుతున్న ఈ నాయకుడు, కింద పాస్‌పోర్ట్ ఫోటోల్లా ముప్పై నలభై అనుచరుల ముఖాలు. కుర్రాడు మౌస్ పట్టుకున్నాడు, భుజం మీదుగా ఇద్దరు వంగి చూస్తున్నారు.

"మా అన్నది జర పెద్దగ చెయ్యి."

"ఇంకా పెద్దగ చేస్తే పైన సార్ గడ్డం కట్ అయితది అన్నా."

సార్ గడ్డం కట్ కావడానికి వీల్లేదు. అన్న చిన్నగా ఉండటానికీ వీల్లేదు. కింది వరుసలో ఒకణ్ణి తీసేద్దామంటే, తీసేవాడు రేపు అవతలి వర్గంలో ఉంటాడు. పది నిమిషాల తర్జనభర్జన తర్వాత 'జన్మదిన శుభాకాంక్షలు' అనే అక్షరాలు చిన్నవయ్యాయి. అందరూ తృప్తిగా చాయ్ తాగారు.

ఆ ఫ్లెక్సీలో ఆడవాళ్ళ ముఖాలు రెండే, రెండూ ఎవరి భార్యో అన్నట్టున్నాయి. ఇక్కడ సర్పంచ్ పదవుల్లో సగం మహిళలకు కేటాయిస్తారు. అయినా ఫోన్ చేసి "సర్పంచ్ ఉన్నారా?" అంటే చాలా ఊళ్లలో పలికేది భర్త గొంతే. కాకతీయ సింహాసనం మీద కూర్చున్న రుద్రమదేవి రుద్రదేవ మహారాజు అనే పేరుతో శాసనాలు వేయించాల్సి వచ్చింది. కుర్చీ మగవాడి కొలతకు చేసి ఉంటే ఆమె పేరు మార్చుకుంది. ఇప్పుడు పేరు ఆమెదే ఉంచి మనిషిని మారుస్తున్నారు. అయితే గత కొన్నేళ్ళలో నేను చూసిన ఒకటి రెండు గ్రామసభల్లో, మొదటి ఏడాది మొగుడి వైపు చూసి సంతకం పెట్టినామె మూడో ఏడాదికి, "మీరు జర బయట కూసోండ్రి, నేను మాట్లాడుత" అనడం కూడా విన్నాను. ఆమెలో పుట్టింది ఏ ఆకలో నేను చెప్పలేను. మొదటిదని ఆశ. మంచె కింద ఏదో పాతిపెట్టి ఉందన్నది మాత్రం ఆ రోజు నమ్మాలనిపించింది. విక్రమార్కుడి సింహాసనం కాదు, ఒక రిజర్వేషన్ నిబంధన, ఒక తీర్మానాల పుస్తకం, లెక్క అడగడానికి కింద జంపఖానా మీద కూర్చున్న నలభై మంది.

కోరుకోకుండా అధికారం వచ్చినవాళ్ళు లేరా? నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు 1991 లోక్‌సభ ఎన్నికల్లో పోటీయే చేయలేదు, ఢిల్లీ వదిలి వచ్చేయడానికి పుస్తకాలు సర్దుకుంటున్నాడు. జూన్‌లో ప్రధాని అయ్యాడు. దీన్ని వైరాగ్యానికి దక్కిన ఫలమని చెప్పేవాళ్ళు, ఆ తర్వాత ఐదేళ్ళు మెజారిటీ లేకుండా మొదలైన ప్రభుత్వాన్ని ఆయన ఎట్లా కాపాడుకున్నాడో మర్చిపోతారు. కుర్చీ వద్దనుకోవడం వేరు, వచ్చిన కుర్చీ వదలకుండా ఉండటం తెలియడం వేరు.

మా బడి సంగతికి వస్తే, చింతకాయల వ్యవహారం సార్‌కు ఎవరో చెప్పారు. ఆయన నన్ను కొట్టలేదు. లీడర్ వారానికొకరు అని, హాజరు పట్టీ వరుసలో అందరికీ వస్తుందని చెప్పాడు. అంతే. మరుసటి వారం నుంచి బోర్డు మీద పేర్లు తగ్గిపోయాయి. సార్ మురిసిపోయాడు గానీ, క్లాసు ఎప్పటిలాగే సంతలా ఉండేది. మగపిల్లలం లోపాయికారీగా ఒప్పందం చేసుకున్నాం: నువ్వు నా పేరు రాయకు, నా వారంలో నీ పేరు నేను రాయను. సార్ అడుగుల చప్పుడు వినగానే నలభై మందిమీ పుస్తకాల్లో తల పెట్టేవాళ్ళం.

ఐదో వారం, రబ్బరు అడిగిన అమ్మాయి వంతు వచ్చింది. ఆమెను మేము ఒప్పందంలో కలుపుకోలేదు. గీత కొట్టి, దాని కింద ఒక్కటే పేరు రాసింది, నాది. పక్కన ఇంటూ మూడు. నేను ఆ రోజు మాట్లాడిన మాట వాస్తవమే. మూడుసార్లు మాత్రం కాదు.